రసెల్ స్ట్రీట్ వేలంలో ఒక రాళ్ళపెట్టె

కలకత్తా వెళ్ళే మనవాళ్ళలో చాలామంది కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం చూసుకుని, గరియాహాట్‌లో చీరలు కొనుక్కుని తిరిగి వస్తారు. నేను మాత్రం ఈసారి రెండు చోట్ల కోసమే బయలుదేరాను. ఒకటి చౌరంగీలోని ఇండియన్ మ్యూజియంలో ఉల్కాశిలలున్న విభాగం. రెండోది అక్కడి నుంచి పార్క్ స్ట్రీట్ మీదుగా నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, రసెల్ స్ట్రీట్‌లో ఆదివారాలు జరిగే పాత సామాన్ల వేలం. ఆ వేలంలో చూసిన ఒక సంగతి నన్ను ఇంకా వదలడం లేదు కనుక, మిగతా ప్రయాణాన్ని తొందరగా దాటేసి ముఖ్యంగా దాని గురించే రాస్తున్నాను.

కోరమాండల్ ఇప్పుడు హౌరాకు వెళ్ళకుండా షాలిమార్‌లోనే ఆగిపోతుంది. సామాన్లతో దిగిన మనిషికి అక్కడి నుంచి ఊళ్ళోకి చేరడమే ఒక పని. టాక్సీ అతను పార్క్ స్ట్రీట్‌కు ఆరు వందలు అడిగాడు. ఎంత బేరమాడినా అయిదు వందలకు తక్కువకు కదలలేదు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళ అలసటను ఇలా సొమ్ము చేసుకోవడం నాకు ఎక్కడ చూసినా కష్టంగానే ఉంటుంది. మ్యూజియానికి సోమవారం సెలవు, వేలం ఆదివారం. అందువల్ల శనివారం మధ్యాహ్నానికల్లా మ్యూజియంలో ఉండాలన్న తొందరలో ఇచ్చేసి ఎక్కాను.

రైల్లో ఎదుటి బెర్తు ఆయనది పలాస. నేను ఉల్కాశిలలు చూడటానికి వెళ్తున్నానని తెలియగానే ఆయన ముఖం మారిపోయింది. "మేష్టారూ, ఆ రాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి. మా బావమరిది రైస్ పుల్లింగ్ వాళ్ళ మాట నమ్మి రెండెకరాల జీడితోట అమ్ముకున్నాడు" అన్నాడు. పిడుగు పడిన రాగిచెంబు బియ్యపుగింజలను లాగుతుందని, అందులో ఇరీడియం అనే అరుదైన లోహం ఉందని, విదేశీ కంపెనీ కోట్లు పెట్టి కొంటుందని చెప్పి, పరీక్ష చేయించే ఖర్చంటూ లక్షలు గుంజే ముఠాల సంగతి మన జిల్లాల్లో తెలియనివారు లేరు. ఆకాశం నుంచి పడిన రాయి అన్న మాట కూడా ఆ వల్లింపులో ఒక భాగమే. చదువుకున్న కుటుంబాలు సైతం దీనికి బలవుతున్నాయంటే, నిజమైన ఉల్కాశిల ఎలా ఉంటుందో, దానికి విలువ ఎక్కడి నుంచి వస్తుందో మనకు ఎవరూ చెప్పకపోవడమే కారణమని నా నమ్మకం. ఆయనకు తెల్లవారేదాకా అదే చెబుతూ కూర్చున్నాను.

మన దేశంలో పడిన ఉల్కాశిలలకు సంరక్షణ సంస్థ భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ. దాని ప్రధాన కార్యాలయం కలకత్తాలోనే ఉంది. 1865 ఆగస్టు 25న గయ దగ్గరి షెర్‌ఘాటీలో పడిన సుమారు అయిదు కిలోల రాయి ఆ సంస్థ సేకరణలో అన్నిటికన్నా పేరుపొందింది. ఆ తరహా రాళ్ళన్నిటినీ ప్రపంచం నేడు షెర్గొటైట్లు అనే పిలుస్తుంది. అవి అంగారకుడి నుంచి ఊడిపడినవని తేలడానికి మాత్రం 1980ల దాకా ఆగవలసి వచ్చింది. అంటార్కిటికాలో దొరికిన ఆ జాతి రాయిలో చిక్కుకున్న వాయువులను కొలిచి చూస్తే, 1976లో వైకింగ్ అంతరిక్ష నౌకలు అంగారకుడి మీద కొలిచిన గాలితో సరిపోయాయి. షెర్‌ఘాటీలో పడ్డ రాయి ఏ రోజు, ఏ ఊళ్ళో పడిందో అప్పుడే రాసిపెట్టారు కాబట్టి, నూరేళ్ళకు పైగా గడిచాక వచ్చిన ఆ ప్రశ్నకు సమాధానం వెతికేటప్పుడు అది నమ్మదగిన సాక్షిగా నిలిచింది.

మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న ఆ నల్లని రాళ్ళను చూడటానికి వచ్చేవాళ్ళు తక్కువ. అందరూ ఈజిప్టు మమ్మీ దగ్గర గుమిగూడుతున్నారు. నాకు అదే మేలయింది. రాతి ఉల్కల మీద గాలిలో మండినప్పుడు ఏర్పడిన నల్లని పొర ఎంత పలచనో, అది పెచ్చులూడిన చోట లోపలి బూడిదరంగు ఎలా కనబడుతుందో తీరిగ్గా చూడగలిగాను. ఇనుప ఉల్కల మీద బొటనవేలితో నొక్కినట్టు గుంటలుంటాయి. అయితే అంతకన్నా నా కళ్ళను కట్టిపడేసినవి పక్కనున్న చీటీలు: ఊరి పేరు, తేదీ, బరువు. మా విజయనగరం ప్రాంతంవాడికి ఆ చీటీల విలువ మరింత తెలియాలి. ఎందుకంటే 1870 జనవరి 23న పార్వతీపురం వైపు, మేరంగి దగ్గర సుమారు నాలుగున్నర కిలోల ఇనుప ఉల్క పడింది. నెడగొల్ల అన్న పేరుతో అది ప్రపంచ పట్టికలన్నిటిలో ఉంది. ఇనుప ఉల్క పడుతుండగా చూడటం చాలా అరుదు. మా వైపు బళ్ళలో ఈ మాట ఒక్క పిల్లవాడికైనా చెప్పరు. 1852లో అదే జనవరి 23న నెల్లూరు సీమలోని యాటూరులో పడిన రాయి సంగతీ అంతే.

మర్నాడు ఉదయం రసెల్ స్ట్రీట్‌కు వెళ్ళాను. ఒకప్పుడు ఆ వీధిలోనూ పార్క్ స్ట్రీట్‌లోనూ వేలంశాలలు బారులు తీరి ఉండేవట. దేశం విడిచి వెళ్ళే దొరల సామాను, ఆ తర్వాత జమీందారీ ఇళ్ళ సామాను అక్కడే చేతులు మారింది. 1940లో మొదలైన రసెల్ ఎక్స్ఛేంజ్ వాటిలో ఇంకా నిలిచి ఉన్నది. లోపల అడుగు పెడితే పైన షాండ్లియర్లు, కింద అద్దాల బీరువాలు, గోడగడియారాలు, పింగాణీ సెట్లు, గ్రామఫోన్లు, వాటి పక్కనే వాడిన బూట్లు, చొక్కాల మూటలు, ప్లాస్టిక్ బొమ్మలు. లక్షల కోసం కాక ఒక కుర్చీ కోసమో, పిల్లవాడికి కోటు కోసమో వచ్చిన జనమే ఎక్కువ. ఆ కలయిక నాకు ఎంతో నచ్చింది. మనకు తెలిసిన వేలాలు చెరువు చేపలవీ, దేవుడి మాన్యం కౌలువీ, వినాయకుడి లడ్డూవీ. అక్కడ పాడేవాళ్ళు గొంతెత్తి పోటీపడతారు. ఇక్కడ కనుబొమ ఎత్తితే చాలు, బల్ల మీదున్న పెద్దమనిషి హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు కలిపి అంకె పెంచుతూ పోతాడు.

పురావస్తువులంటే భయపడేవారి కోసం ఒక మాట చెప్పాలి. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, ఇతర కళావస్తువులు, డెబ్భై అయిదేళ్ళు దాటిన విలువైన వ్రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి; వాటిని సొంతంగా దేశం దాటించకూడదు, వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి. ఆ వేలంలో నేను చూసిన కుర్చీలూ గడియారాలూ చాలావరకు అంత పాతవి కావు.

మధ్యాహ్నం వేళ ఒక పెట్టె వచ్చింది. రోజ్‌వుడ్‌తో చేసినది, మూలలకు ఇత్తడి తాపడం, లోపల మూడు పళ్ళాలు, ఒక్కో పళ్ళెంలో చిన్న చిన్న గళ్ళు. ప్రతి గడిలోనూ ఒక రాయి, ప్రతి రాయి మీద గోరంత తెల్లరంగు చుక్క, దాని మీద సన్నని కలంతో వేసిన నల్లని అంకె. ముందురోజు మ్యూజియంలో కళ్ళారా చూసిన శ్రద్ధే ఇది. ఎవరో ఒక మనిషి జీవితమంతా పోగుచేసుకున్నది. అంకెలున్నాయి కనుక వాటి వివరాలు రాసిన పుస్తకం కూడా ఉండి తీరాలి. పుస్తకం మాత్రం పెట్టెలో లేదు.

పాట ఎనిమిది వందలతో మొదలై నెమ్మదిగా నడుస్తుండగా, నా ముందున్న కుర్రవాడు జేబులోంచి అయస్కాంతం తీసి ముప్పై ఒకటో అంకె ఉన్న నల్లరాయికి ఆనించాడు. అది అంటుకుంది. "ఉల్కా, ఉల్కా" అన్న గుసగుస హాలంతా పాకింది. వెంటనే పాట మూడువేలు దాటింది. అయస్కాంతానికి అంటుకున్నంత మాత్రాన ఉల్కాశిల కాదు. మాగ్నెటైట్ అనే ఇనుప ముడిరాయి అంటుకుంటుంది, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం కూడా చాలాసార్లు అంటుకుంటుంది. పైగా ఆ రాయి విరిగిన వైపు ఆవగింజలంత గాలిబుడగల గుంటలు స్పష్టంగా ఉన్నాయి. కొలిమిలో కరిగి చల్లారిన పదార్థంలో అలాంటి బుడగలు మామూలే కానీ, ఉల్కాశిలల్లో దాదాపు కనబడవు. ఈ మాటే పక్కవాళ్ళకు చెప్పాను, ఎవరూ వినిపించుకోలేదు.

చివరికి ఆరువేల రెండు వందలకు ఒక ఫర్నిచర్ వ్యాపారికి దక్కింది. ఆయన పెట్టెను మెట్ల దగ్గరికి మోయించి, నల్లరాయిని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, మిగతా పళ్ళాలను ఒక్కొక్కటే గోనెసంచిలోకి వంచడం మొదలుపెట్టాడు. ఆయనకు కావలసింది పెట్టె. నగలపెట్టెగా మెరుగుపెట్టి అమ్ముతాడట. రాళ్ళు ఒకదాని మీద ఒకటి పడుతున్న ఆ చప్పుడు నేను సహించలేకపోయాను. "దాదా, ఆగండి, ఆ రాళ్ళు నాకిచ్చేయండి" అని అడ్డుపడ్డాను. ఆయన మంచివాడే. రెండు వందలు తీసుకుని సంచి నా చేతికిచ్చాడు. జేబులోది కొలిమి చిట్టెం లాగా ఉందని నేను చెబితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాము.

నిరుడు జూలైలో, అంటే 2025లో, న్యూయార్క్‌లో సోథబీస్ వారు 24.67 కిలోల అంగారక శిలను వేలం వేస్తే రుసుములతో కలిపి 53 లక్షల డాలర్లు పలికింది. దాని పేరు నార్త్‌వెస్ట్ ఆఫ్రికా 16788. ప్రయోగశాలల పరీక్షలు, ఉల్కాశిలలను పరిశోధించేవారి అంతర్జాతీయ సంఘం ఆమోదించిన ఆ పేరు, ఆ అంకె లేకపోతే దానికి అంత ధర ఎవరిస్తారు? అది నైజర్ దేశపు అగాడెజ్ ఎడారిలో దొరికింది. తమ నేల దాటి ఎలా వెళ్ళిందో తేల్చాలని అక్కడి ప్రభుత్వం విచారణకు దిగింది. ఆ పట్టుదల నాకు న్యాయంగా తోచింది. 1621లో జలంధర్ దగ్గర పడిన ఇనుప ఉల్కతో జహంగీరు కత్తులు చేయించి, ఆ కథను తన స్మృతులలో రాయించుకున్నాడు. వాటిలో ఒక చురకత్తి ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. పాదుషా రాత నిలిచింది కాబట్టే ఆ ఇనుము ఎక్కడిదో నేటికీ తెలుస్తోంది.

వేలంశాల గుమాస్తాను పెట్టె ఎవరింటి నుంచి వచ్చిందని అడిగాను. సామాను పంపినవారి పేరు చెప్పకూడదన్నాడు, అది సబబే. అయితే నా పేరు, ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాయించుకుని వారికి అందిస్తానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా. నేను ఇంటికి చేరిన కొన్నాళ్ళకు ఒక యువకుడు ఫోన్ చేశాడు. రాళ్ళు ఆయన తాతగారివి. గనుల సర్వేలో పనిచేశారు. అంకెల పుస్తకం అల్మారాలో ఇంకా ఉందనీ, పెట్టెతో పాటు పంపాలని ఎవరికీ తోచలేదనీ చెప్పి, ఆ సాయంత్రమే పేజీలన్నీ ఫొటోలు తీసి పంపాడు.

వాటి ముందు కూర్చుని రాళ్ళను వరుసగా పేర్చాను. చాలావాటికి గని పేరు, తీసుకున్న నెల, సంవత్సరం ఉన్నాయి. పదిహేడో రాయి మాంగనీసు ముడిఖనిజమని చేతికి అంటిన మసిని బట్టే గ్రహించాను గానీ, మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌దో కర్ణాటకలోని సండూరుదో చెప్పే దారి లేకపోయింది. పుస్తకంలో దాని ఎదురుగా ఉన్నది మా జిల్లాలోని గర్భాం గని పేరు. ముప్పై ఒకటి దగ్గర రాసింది: కుల్టీ ఇనుప కార్ఖానా, కొలిమి చిట్టెం, అయస్కాంతానికి అంటును. ఆ పేజీని కలకత్తా వ్యాపారికి పంపి, ఆ ముక్కను ఉల్క పేరుతో ఎవరికీ అమ్మవద్దని, పెట్టెను తన దగ్గర కొనేవారికి తాతగారి పుస్తకం నకలు కూడా ఇమ్మని కోరాను. రెండింటికీ ఒప్పుకున్నాడు; చిట్టెం ముక్కను పోస్టులో పంపుతానన్నాడు, వరుసలో దాని చోటు ఖాళీగా ఉంచాను.