కక్కడం ఆగలేదు, బాధ ఆగింది

మా పాపకు మూడో వారం వచ్చేసరికి పాలు కక్కడం మొదలైంది. చిన్నపిల్లల డాక్టరు గారు మొదటిసారే అన్నీ వివరంగా చెప్పడం వల్ల అది మమ్మల్ని అంతగా భయపెట్టలేదు. అన్నవాహిక కడుపులోకి దిగే చోట ఉండే కండరానికి చంటిపిల్లల్లో ఇంకా పూర్తి బిగువు రాదు కాబట్టి, తాగిన పాలలో కొంత పైకి వస్తుందని ఆయన చెప్పారు. ప్రతి 10 మంది పిల్లల్లో కనీసం నలుగురికి ఇలా ఉంటుందని, సాధారణంగా 8 వారాల లోపు మొదలయ్యే ఈ రిఫ్లక్స్ 10 మందిలో 9 మందికి ఏడాది నిండేలోపు దానంతటదే సర్దుకుంటుందని కూడా అన్నారు. పాప బరువు పెరుగుతోంది, మూత్రం సరిగ్గానే పోస్తోంది, కక్కిన తరువాత హాయిగా నిద్రపోతోంది. అలాంటి బిడ్డకు మందు అక్కర్లేదన్నారు, మేమూ ఊరుకున్నాం.

రెండో నెలలో పరిస్థితి మారింది. పాప ఆకలితో ఆత్రంగా రొమ్ము పట్టుకునేది, నాలుగు గుక్కలు తాగేది, అంతలోనే వదిలేసి, మొహం కందిపోయేలా, విల్లులా వెనక్కి వంగిపోయి గుక్కపట్టి ఏడ్చేది. ఏడ్చి అలసిపోయాక మళ్లీ ఆకలి, మళ్లీ నాలుగు గుక్కలు, మళ్లీ అదే ఏడుపు. బుగ్గల మీద, మోచేతుల మడతల్లో చర్మం గరుకుగా మారి ఎర్రబడింది. నా పాలు సరిపోవడం లేదేమోనని ఇంట్లో అనుమానం వచ్చి, రాత్రిపూట ఒక సీసా ఫార్ములా పాలు పట్టడం మొదలుపెట్టాక ఆ రాత్రులు ఇంకా కష్టమయ్యాయి. మా అత్తయ్యగారు పాపను భుజాన వేసుకుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ, "కాసేపు నడుం వాల్చమ్మా, నేను చూసుకుంటాను" అనేవారు. నేను పడుకునేదాన్నే గానీ, తలుపు అవతల ఏడుపు వినిపిస్తుంటే ఏ తల్లికి కన్ను మూతపడుతుంది?

ఆ దశలో మాకు అన్నిటికంటే ఉపయోగపడినది ఒక నోటు పుస్తకం. పాలు పట్టిన వేళ, ఎంతసేపు తాగింది, విరేచనం ఎలా ఉంది అన్నవి రాసుకుంటూ, కక్కును ఒక వరుసలో, ఏడుపును మరో వరుసలో విడివిడిగా రాయమని డాక్టరు గారు చెప్పారు. రాయడం మొదలుపెట్టాక కనిపించిన విషయం మా ఆలోచననే మార్చేసింది. చొక్కా తడిసేలా కక్కిన పూట పాప చాలాసార్లు నెమ్మదిగానే ఉంది. ఒక్క చుక్క కూడా పైకి రాని పూట గంటల తరబడి మెలికలు తిరిగింది. అంటే మేము చూస్తున్నది ఒకే సమస్య కాకపోవచ్చు. అప్పటిదాకా కక్కు తగ్గితే బాధ తగ్గినట్టేనని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నాం.

ఒకనాడు తెల్లవారుజామున డైపర్ విప్పితే ఆకుపచ్చటి విరేచనంలో సాగే జిగురు, ఆ జిగురులో సన్నటి నెత్తుటి చారలు కనిపించాయి. నా చేతులు వణికాయి. మావారు ఆ డైపర్‌ను సంచిలో కట్టి మాతోపాటే ఆసుపత్రికి తెచ్చారు. వాంతి ఆకుపచ్చగా వస్తోందా, దూరంగా ఎగజిమ్మినట్టు పడుతోందా, జ్వరం ఉందా, పొట్ట ఉబ్బి గట్టిగా ఉందా అని డాక్టరు గారు వరుసగా అడిగారు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో ఆగకూడదని, ఆకుపచ్చటి వాంతి పేగు మెలిపడటానికి సూచన కావచ్చని, మొదటి వారాల్లో ప్రతి పాలకూ ఎగజిమ్మే వాంతి జఠరం చివర దారి మూసుకుపోవడం వల్ల కావచ్చని చెప్పారు. మలద్వారం దగ్గర చీలిక లేదని చూసి నిర్ధారించుకున్నాక, ఆవు పాల ప్రోటీన్ అలర్జీ అయి ఉండవచ్చన్నారు.

ఈ అలర్జీ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఐజీఈ అనే ప్రతిరక్షకం వల్ల వచ్చే రకంలో పాలు తాగిన నిమిషాల్లో, సాధారణంగా రెండు గంటల లోపు, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసం వస్తాయి. ఆయాసం వచ్చినా, బిడ్డ వాలిపోయినా అది అత్యవసరం. రెండో రకంలో లక్షణాలు గంటల తరువాత, ఒక్కోసారి రెండు మూడు రోజుల తరువాత, పేగుల్లోనూ చర్మం మీదా బయటపడతాయి. మా పాపది రెండో రకంలా ఉందన్నారు. రక్తపరీక్ష చేయించమని మేము పట్టుబట్టాం. ఆ పరీక్షలు ఐజీఈని మాత్రమే పట్టుకుంటాయని, ఈ రకాన్ని తేల్చే పరీక్ష ఒక్కటేనని చెప్పారు. పాల ప్రోటీన్‌ను 2 నుంచి 4 వారాలు పూర్తిగా ఆపి చూడాలి, తగ్గితే మళ్లీ ఇచ్చి చూడాలి.

తల్లిపాలు మానాల్సిన పని లేదు. తల్లి తిన్న పాల పదార్థాల్లోని ప్రోటీన్ చాలా స్వల్పంగా తల్లిపాలలోకి వస్తుంది కాబట్టి, నేను పాలు, పెరుగు, వెన్న, నెయ్యి అన్నీ మానాను. కొన్న ప్రతి పొట్లం మీదా పాలపొడి, పాల ప్రోటీన్లైన కేసీన్, వే అనే మాటల కోసం వెతకడం అలవాటైంది. నాకు కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాశారు. పాలిచ్చే తల్లి ఇంత ముఖ్యమైన ఆహారాన్ని మానేటప్పుడు వీటిని వదిలేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. రాత్రి సీసాకు మామూలు ఫార్ములా బదులు, ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసే ప్రత్యేక ఫార్ములా వాడాం. మేక పాలు, గేదె పాలు పట్టమని, లాక్టోజ్ లేని పాలు పట్టమని తెలిసినవాళ్లు ప్రేమతోనే చెప్పారు. మేక, గేదె పాలలోని ప్రోటీన్లు ఆవు పాల ప్రోటీన్లకు చాలా దగ్గరగా ఉంటాయి. లాక్టోజ్ పాలలోని చక్కెర, దాన్ని తీసేసినా ప్రోటీన్ అక్కడే ఉంటుంది. కాబట్టి ఆ సలహాలేవీ మా పాపకు పనికొచ్చేవి కావు.

యాసిడ్ తగ్గించే మందు కూడా అడిగాం. ఆ మందు పైకి వచ్చే పాలను ఆపదని, ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల్లో ఏడుపును తగ్గిస్తుందన్న ఆధారం కూడా లేదని వివరించి ఆయన రాయలేదు. దానికి బదులు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టమని, తాగాక 20 నుంచి 30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోమని చెప్పారు. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలా, చదునైన పరుపు మీదే పడుకోబెట్టాలి. కక్కే పిల్లను బోర్లా వేయడం, తల కింద దిండు పెట్టి ఎత్తు చేయడం నిద్రలో ప్రాణాపాయానికి దారితీయవచ్చు. ఈ ఒక్క విషయంలో పెద్దల మాటకైనా సరే అడ్డు చెప్పాల్సిందే.

పాలు ఆపిన తొలి రోజుల్లోనే నెత్తుటి చారలు కనిపించడం మానేశాయి. ఆ తరువాత జిగురు పోయింది, చర్మం నునుపు తేలింది, మెలికలు తిరిగే ఏడుపు నోటు పుస్తకంలో పల్చబడుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం పాప ఒక్క బిగిన కడుపు నిండా తాగి, రొమ్ము వదిలి, నా మొహంలోకి చూసి నవ్వింది. వెంటనే బోలెడు పాలు నా భుజం మీద కక్కింది! కక్కు వరుస మాత్రం ఏమీ మారలేదన్నమాట. అది మామూలు రిఫ్లక్సేనని, దానికి కాలమే మందు అని అప్పుడు స్పష్టమైంది.

ఇక మిగిలింది పాలు మళ్లీ మొదలుపెట్టి చూడటం. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. "ఇప్పుడిప్పుడే తెరిపిన పడింది కదమ్మా, ఎందుకు కెలకడం?" అన్నారు అత్తయ్యగారు. ఆమె బాధ నాకు తెలుసు, నాకూ అదే భయం. కానీ ఆ వయసులో పిల్లల ఏడుపు సహజంగానే తగ్గుతుంది. మళ్లీ ఇచ్చి చూడకపోతే తగ్గింది ఆహారం మార్చడం వల్లో వయసు వల్లో ఎప్పటికీ తేలదు, అలర్జీ లేని బిడ్డకు నెలల తరబడి పాలు దూరం చేసినవాళ్లం కావచ్చు. వెంటనే లక్షణాలు వచ్చే రకం కాదు కాబట్టి ఇంట్లోనే చేయవచ్చని డాక్టరు గారు అనుమతించాక, నేను మళ్లీ పాలు, పెరుగు తీసుకున్నాను. రెండు మూడు రోజులకే జిగురు, ఆ పాత ఏడుపు తిరిగి వచ్చాయి. ఆపేశాం, మళ్లీ నెమ్మదించింది. పాపను అలా మళ్లీ ఏడవనివ్వడం ఎంత కష్టంగా అనిపించినా, ఆ తరువాత మాలో ఎవరికీ సందేహం మిగలలేదు.

ఘనాహారం మొదలయ్యాక కక్కు తగ్గుతూ వచ్చి, పాప నిలబడే నాటికి దాదాపు ఆగిపోయింది. ఏడాది నిండాక, ఆహార నిపుణురాలి సలహాతో పాలను మెట్లు మెట్లుగా పరిచయం చేస్తున్నాం. పిండిలో కలిసి ఎక్కువసేపు వేడికి కాలిన పాల ప్రోటీన్ రూపం కొంత మారుతుంది కాబట్టి, మొదట పాలు కలిపి కాల్చిన బిస్కెట్టులో చిన్న ముక్కతో మొదలుపెట్టాం. అది పడ్డాక కొద్దికొద్దిగా పెంచి, తరువాతి మెట్టుకు వెళ్లాం. ఒకసారి విరేచనాలు పలచబడితే ఒక మెట్టు వెనక్కి దిగి, కొన్ని వారాలు ఆగి మళ్లీ ప్రయత్నించాం. ఇప్పుడు పెరుగు ఇష్టంగా తింటోంది, కడుపు నెమ్మదిగా ఉంది. విడిగా పాలు తాగించే మెట్టు ఒక్కటే మిగిలింది. ప్రస్తుతం ఉన్న జలుబు పూర్తిగా తగ్గాక దాన్ని మొదలుపెడదామని ఆహార నిపుణురాలు చెప్పారు.