రోగి మాటకు రోగి మాట: ఓఈటీ కోసం నా ఇంగ్లీషు చదువు

పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత నర్సింగు అంతా ఇంగ్లీషులో. ఇలా చదివిన మా ఇంగ్లీషు తీరే వేరు. 'టాకీకార్డియా' (గుండె మరీ వేగంగా కొట్టుకోవడం), 'డిస్నియా' (ఆయాసం) అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆయాసపడుతున్న పెద్దాయన పక్కన కూర్చుని ఇంగ్లీషులో నాలుగు మాటలు ధైర్యం చెప్పమంటే మాత్రం గొంతు పెగలదు. బ్రిటన్‌లో నర్సు ఉద్యోగం కోసం ఓఈటీ రాయాలనుకునే నాటికి నా పరిస్థితి ఇదే.

ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ళ కోసమే పెట్టిన ఇంగ్లీషు పరీక్ష అది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కోదానికి గరిష్ఠం 500 మార్కులు. బ్రిటన్‌లో నర్సులను నమోదు చేసుకునే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రాయడంలో 300, మిగతా మూడింటిలో 350 అడుగుతుంది.

కోచింగులో అక్షర క్రమంలో పేర్చిన పదాల పుస్తకం చేతికిచ్చి, రోజుకు కొన్ని చొప్పున బట్టీ పట్టమన్నారు. ఆ పద్ధతి మీద నాకు ఏ కోశానా నమ్మకం కుదరలేదు. మాట్లాడే భాగంలో రెండు సన్నివేశాలు ఇస్తారు. ఎదుటివారు రోగిగానో, రోగి బంధువుగానో మాట్లాడతారు. ఒక్కోటి సుమారు ఐదు నిమిషాలు. మన మాట ఆ మనిషికి తగినట్టుగా ఉందా, ఆ మనిషి భయమేమిటో అడిగి తెలుసుకున్నామా అన్నదానికి కూడా మార్కులుంటాయి. అక్కడ 'డిస్నియా' అన్నామంటే మన పాండిత్యమే మన కొంప ముంచుతుంది.

అందుకని నోటుపుస్తకం ఒకటి పెట్టి, అందులో ముందు తెలుగే రాశాను. మా వార్డులో రోగులు చెప్పుకొనే బాధలు వాళ్ళ మాటల్లోనే: అన్నం సయించడం లేదు, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, ఒంట్లో నలతగా ఉంది, కడుపులో తిప్పుతోంది. అదే బాధతో మంచం మీదున్న ఇంగ్లీషు ముసలమ్మ ఏమంటుంది? ఇక నా వెతుకులాటంతా దానికోసమే.

ఎక్కువగా దొరికింది బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో. అక్కడ మూత్రానికి 'పీ', మలానికి 'పూ' అని చూసి నవ్వొచ్చింది. పసిపిల్లలతో అనే మాటలనుకున్నాను. తీరా చూస్తే వాళ్ళ రచనా నియమాల్లోనే ఉంది, అందరికీ అర్థమయ్యేవి అవే కాబట్టి అవే వాడాలని. నాకు ముచ్చటేసింది. మన కరపత్రాల్లో 'మలవిసర్జన' అని చదివి రోగి పక్కవాడి మొహం చూడాల్సిందే కదా!

సయించకపోతే అక్కడివాళ్ళు 'ఆఫ్ మై ఫుడ్' అంటారు. తిమ్మిరికి 'పిన్స్ అండ్ నీడిల్స్'. 'అండర్ ద వెదర్' చిన్నపాటి నలతకే. పెద్ద జబ్బుతో ఉన్నవారి గురించి అలా అంటే వెటకారంలా ఉంటుంది. బాగా జాగ్రత్త పడాల్సింది 'సిక్' దగ్గర. మనకది ఏ జబ్బుకైనా సరిపోతుంది. బ్రిటన్ రోగి 'ఐ ఫీల్ సిక్' అంటే చాలాసార్లు వాంతి వచ్చేలా ఉందని. చేతికి గిన్నె అందించాలి. జబ్బుగా ఉందనడానికి వాళ్ళకు 'పూర్లీ' ఉంది. పెద్దవయసు ఆడవాళ్ళు బాత్రూముకు వెళ్ళాలని చెప్పడానికి 'స్పెండ్ ఎ పెన్నీ' అనడమూ ఉంది. పూర్వం అక్కడి పబ్లిక్ మరుగుదొడ్ల తలుపు పెన్నీ నాణెం వేస్తేనే తెరుచుకునేదట. ఇవన్నీ రాసుకునేటప్పుడు పక్కనే ఇంకో గడి గీసి, ఎవరు అంటారు, ఎంత బాధలో అంటారు అన్నది కూడా రాశాను. పరీక్షలో నన్ను ఆదుకున్నది ఆ గడే.

వినడం పెద్దగా ఇబ్బంది పెట్టలేదు కానీ ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, కాబట్టి చెవికి యాస అలవాటు కావాలి. రాయడంలో రోగి వివరాలు చూసి 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయాలి. దానికి నేను కల్పించుకున్న సాధన ఇది: ఒకే రోగి గురించి డాక్టరుకు వైద్య పదాలతో ఉత్తరం రాసి, ఆ వెంటనే అదే సంగతి రోగి కూతురికి చెబుతున్నట్టు పైకి మాట్లాడడం. నైట్ డ్యూటీలో తోటి నర్సు ఆ కూతురి వేషం కట్టేది. "అక్కా, నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అని కావాలనే విసిగించేది. నిజమైన పరీక్షలో ఎదుటివారు ఆమె కంటే ఎంతో నయం.

కావలసిన మార్కులు వచ్చాయి. ఇప్పుడు అదే అమ్మాయి ఓఈటీకి చదువుతూ నా నోటుపుస్తకం ఫొటోలు తీసి పంపమంది. పంపాను కానీ, తనకు సగమే పనికొస్తుందని చెప్పాను. తనిప్పుడు పిల్లల వార్డులో ఉంది. అక్కడ బాధ చెప్పేది రోగి కాదు, తల్లి. నిన్న రాత్రి తను పంపిన మొదటి పేజీలో ఉన్నవి: బిడ్డ పాలు కక్కుతున్నాడు, రాత్రంతా గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. ఇంగ్లీషు గడి ఇంకా ఖాళీగానే ఉంది.