ఇంకోనెల్ 718 షాఫ్ట్ టర్నింగ్: నా అనుభవం

ఇంకోనెల్ 718 అంటే వేడికి తట్టుకునే నికెల్ మిశ్రమలోహం. లేత్ మీద తిప్పడానికి ఈ రాడ్ చేతికి రాగానే నేను ముందు చూసేది టెస్ట్ సర్టిఫికెట్. సొల్యూషన్ ట్రీట్‌మెంట్ (బాగా వేడిచేసి చల్లార్చి మెత్తబరచడం) వరకే అయిన సరుకా, ఏజింగ్ (ఫర్నేస్‌లో గంటల తరబడి ఉంచి గట్టిపరచడం) కూడా అయిపోయిందా? ఏజింగ్ అయితే కాఠిన్యం 36 నుంచి 44 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కొలత) దాకా ఉంటుంది. అందుకే రఫింగ్ (మొదటి మోటు కోత) అంతా ఏజింగ్‌కు ముందే ముగిస్తాను. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహాల కంపెనీ మిధానీ ‘సూపర్‌ని 718ఏ’ అనే పేరుతో చేసేది ఈ 718 రకమే.

ఈ లోహం వేడిని లాక్కోదు. మైల్డ్ స్టీల్‌తో పోలిస్తే ఉష్ణవాహకత నాలుగో వంతు కూడా ఉండదు, కాబట్టి వేడంతా ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే, మార్చుకునే కోత ముక్క) ముక్కు మీదే పడుతుంది. కోటింగ్ ఉన్న కార్బైడ్‌తో రఫింగ్‌కు నిమిషానికి 40 మీటర్లు చాలు, 80 మి.మీ. డయాకు అది దాదాపు 160 ఆర్‌పీఎం. ఫీడ్ (ఒక చుట్టుకు టూల్ జరిగే దూరం) 0.2 మి.మీ., డెప్త్ (కోత లోతు) 2 మి.మీ. స్టీల్ పనికి అలవాటుపడ్డవాళ్లకు మెషిన్ నిద్రపోతున్నట్టే ఉంటుంది. అయినా స్పీడ్ ముట్టుకోవద్దు. సిరామిక్ ఇన్సర్ట్ నిమిషానికి 200 మీటర్లు దాటి కోస్తుంది కానీ, బెడ్ అరిగిన లేత్ మీద అది పగలడం ఖాయం.

అసలు తంటా ఉపరితలం గట్టిపడటంతోనే. టూల్ కొయ్యకుండా రాసుకుందంటే తర్వాతి పాస్‌కు పెంకు ఎదురవుతుంది. కోతలో ఉండగా ఫీడ్ ఆపకూడదు. 0.05 మి.మీ. పాస్‌లతో సైజు తేవాలనుకోవడం మహా దండగ, ఫినిషింగ్‌కైనా 0.25 మి.మీ. ఉంచుతాను. ఇన్సర్ట్ అంచు డెప్త్ గీత దగ్గరే గాటు పడి పోతుంది. దీనికి డెప్త్‌ను పాస్ పాస్‌కూ మారుస్తాను: 2, 1.7, 1.4. గుండ్రటి ఇన్సర్ట్ అయితే ఇంకా మేలు. గాటు కనపడగానే అంచు తిప్పేయాలి, విరిగేదాకా ఆగితే జాబ్ (కోస్తున్న షాఫ్ట్) కూడా పాడైపోతుంది.

ఏజింగ్‌కు ముందు పక్కకు 0.5 మి.మీ. వదిలి, నూనె, మార్కర్ గీతలు ఏమీ లేకుండా కడగాలి. కటింగ్ ఆయిల్‌లో గంధకం మిగిలితే, నికెల్‌తో కలిసి 640 డిగ్రీల దగ్గరే కరిగే పదార్థం అవుతుంది. ఫర్నేస్ 718 డిగ్రీలకు వెళ్తుంది మరి! అక్కడ 8 గంటలు, ఆపై గంటకు 55 డిగ్రీల చొప్పున 621కి దించి మరో 8 గంటలు, ఆఖర్న గాలిలో చల్లార్చడం. ఇందులో 100 మి.మీ.కి సుమారు 0.08 మి.మీ. కుదించుకుపోతుంది. బోర్ టాలరెన్స్ బిగువుగా ఉంటే ఈ లెక్క ముందే వేసుకోవాలి.

చిప్స్‌ను మాత్రం స్టీల్ డబ్బాలో వేయొద్దు. కలిస్తే పాతసామాను వ్యాపారి మొత్తాన్ని ఇనుము రేటుకే కడతాడు.