దక్షిణ కొరియాలోని హాహ్వే ఊళ్లో ఈ రాత్రి

ఇంటావిడ బయట పొయ్యిలో ఇంకో కట్టె తోసి, పక్క అటువైపు వేసుకోమని చేత్తో చూపించారు. పొయ్యికి దగ్గరున్న నేలే ఎక్కువ కాగుతుందట.

ఈ హనోక్ (కొరియా సంప్రదాయ ఇల్లు) గదిలో మంచం లేదు. మంట వేడి, పొగ కలిసి నేల కింద రాతిపలకల అడుగునుంచి పాకుతూ వెళ్లి, అవతలి పొగగొట్టంలోంచి బయటపడతాయి. పల్చటి బొంత మీద పడుకుంటే నడుముకి ఎంత హాయిగా ఉందో! కాగితం అతికించిన తలుపులోంచి చలి కొంచెం వస్తోంది, అయినా పర్లేదు.

సాయంత్రం పుయోంగ్దే కొండ ఎక్కాం. 64 మీటర్లే, పిల్లలు కూడా ఎక్కేయగలరు. పైనుంచి చూస్తే నక్తోంగ్ నది ఊరి చుట్టూ మెలి తిరిగి కనిపిస్తుంది. ఒడ్డున పైన్ చెట్ల తోపు, వెనక గడ్డి కప్పులు, పెంకుటిళ్లు. అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

2010 నుంచి ఇది యునెస్కో వారసత్వ గ్రామం. కానీ ఇక్కడ ఇప్పటికీ మనుషులు కాపురాలు చేస్తున్నారు. ఒక వాకిట్లో ఎర్రటి మిరపకాయలు ఎండబోశారు, అచ్చం మన గుంటూరు వైపులాగే. కొందరు టూరిస్టులు అడక్కుండానే గేటు తీసి ఫోటోలు తీస్తుంటే బాధేసింది. అవి వాళ్ల ఇళ్లు కదా.

ఆన్‌దోంగ్ నగరం వైపు వచ్చేవాళ్లు పగలు చూసి వెళ్లిపోకండి. ఒక్క రాత్రైనా ఇక్కడ ఉండండి.