కొండ ఎక్కి, ఏటి దాకా

మా లూథరన్ క్రైస్తవులకి యాత్రలు లేవు. లూథర్ గారే కుర్ర సన్యాసిగా ఉన్నప్పుడు రోమ్ దాకా నడిచివెళ్ళి, తీరా 1520 వచ్చేసరికి ఇక ఆ యాత్రలు కట్టిపెట్టండి, ఆ డబ్బేదో పెళ్ళాం బిడ్డలకో పక్కింటి లేనివాళ్ళకో పెట్టండి అని రాసేశాడు. అలాంటి సంఘంలో పుట్టిన నేను జనవరి 1న తెల్లవారుజామున నాలుగున్నరకి, ముందురోజు రాత్రి ఆరాధన నిద్ర ఇంకా కళ్ళలోనే ఉండగా, ఒంగోలులో ప్రార్థన కొండ కింద ఒక చేత్తో ఫోన్ లైటు, ఇంకో చేత్తో మా అత్తగారి మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

మా అత్తగారిది ఒంగోలు, పక్కా బాప్టిస్టు కుటుంబం. మాది గుంటూరు వైపు. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరులో దిగినప్పటి నుంచీ మనం లూథరన్లమే అని మా నాన్న చెప్పేవాడు, కాగితం చూపించమంటే మాత్రం మాట మార్చేవాడు. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పెళ్ళయిన కొత్తలో అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "నాయనా, నువ్వు బాప్తిస్మం తీసుకున్నావా?" నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే ఇచ్చారండీ అన్నాను. "చిలకరించారు అను" అంది. బాప్టిస్టులకి నీళ్ళలో పూర్తిగా ముంచితేనే బాప్తిస్మం, అదీ పెద్దయ్యాక నమ్మి అడిగితేనే. ఇరవై ఏళ్ళుగా ఆ మాట మా మధ్య అలాగే ఉంది.

ఈ ఏడు ఆమె మోకాళ్ళు బాగా పట్టేశాయి. మళ్ళీ ఏడాదికి ఎక్కగలనో లేదో, ఒక్కసారి తీసుకెళ్ళు నాయనా అంది. మా ఆవిడకి జ్వరం, బావమరిది ఊళ్ళో లేడు. ఇక మిగిలింది నేనే.

పది అడుగులకోసారి ఆగాం. ఆగినప్పుడల్లా ఒక ముక్క కథ. 1854లో ఇదే రోజు, అదీ ఆదివారం, జెవెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు చీకట్లో ఈ కొండెక్కి ప్రార్థన చేశారు. నెల్లూరు మిషన్‌లో ఏళ్ళు గడుస్తున్నా మారినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. అమెరికాలో పెద్దలు మూసేద్దామా అని చర్చలు పెట్టుకుంటుంటే ఈయన వదలనన్నాడు. "ఐదుగురే నాయనా," అని అత్తగారు అయిదు వేళ్ళూ నా మొహం ముందు పెట్టింది. ఇంతలో చెప్పు ఉంగటం తెగింది. చెప్పులు రెండూ నా చేతికిచ్చి వట్టి కాళ్ళతో ఎక్కింది. మోకాళ్ళ నొప్పి ఏమైందో మరి.

పైన అప్పటికే కొందరు చేరి పాడుతున్నారు. ఆమె సంచిలోంచి బైబిలు తీసింది. దానికి పాత చీర ముక్కతో కుట్టిన తొడుగు, కళ్ళజోడుకి ఒకవైపు కమ్మీ బదులు దారం. చీకట్లో ఏం కనపడుతుంది, అయినా తెరిచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాకేం చేయాలో తోచలేదు. పెద్ద పెద్ద మాటలతో ప్రార్థన చేయడం మా ఇంట్లో అలవాటు లేదు. మా నాన్న దగ్గర లూథర్ గారి చిన్న ప్రశ్నోత్తరి ఉండేది, అట్ట ఊడిపోయి దారంతో కట్టింది. ప్రతి మాట తర్వాతా "దీని అర్థమేమి?" అని వస్తుంది అందులో. ఆయనకి అది ఎంత ఊతపదమైందంటే, లెక్కల్లో నలభై మార్కులొచ్చాయి నాన్నా అన్నా "దీని అర్థమేమి?" అనేవాడు.

ఆ పుస్తకంలో నాకు ఇప్పటికీ ఇష్టమైన చోటు ఒకటుంది. పరలోక ప్రార్థనలో అనుదినాహారం అన్నచోట, ఆహారమంటే ఏమిటి అని అడిగి పెద్ద జాబితా ఇస్తాడు: తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, గొడ్డూగోదా, డబ్బు, మంచి భార్య, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, మంచి ఇరుగుపొరుగు. దేవుడి పుస్తకంలో చెప్పులేంటి అని చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. కొండ మీద తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వరుసే మనసులో చదువుకున్నాను. బండి ఈఎంఐ, మా ఆవిడ జ్వరం, అమ్మాయి ఫీజు, ఈమె మోకాళ్ళు. లెక్కలవాడి ప్రార్థన లెక్కల్లాగే ఉంటుంది కదా.

దిగాక ఇంటికి పోదామంటే వినలేదు. వెల్లంపల్లి వెళ్ళాల్సిందే. దారిలో టీ తాగి హైవే ఎక్కాం. 1878లో కరువు తీరాక బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మాలు ఇప్పించింది ఇక్కడే. ఒంగోలులో మశూచి ఉందని జనాన్ని ఇటు రమ్మన్నారట. జూలై 2న 614, మూడున 2,222, నాలుగున 700. కూడి చూశాను, 3,536. ఒంగోలులో ఎవర్ని కదిలించినా మా ముత్తవ్వ ఆ 2,222లో ఉంది అంటారు, మా అత్తగారు కూడా అంతే. అందర్నీ కలిపితే లెక్క తేలదు గానీ నేనేమీ అనలేదు. ఆ అంకెలకన్నా నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. ఆ కరువు రోజుల్లో మాత్రం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. అడిగినవాళ్ళు పదిహేను నెలలు ఆగారు.

ఏటి గట్టు నిటారుగా ఉంది. అత్తగారు రెండడుగులు వేసి ఆగిపోయింది. కొండ ఎక్కిన మనిషికి గట్టు దిగడం చేతకాలేదు. "నువ్వెళ్ళి కాసిని నీళ్ళు పట్టుకురా నాయనా" అని ఖాళీ వాటర్ బాటిల్ ఇచ్చింది. బురదలో జారుతూ వెళ్ళి సగం బాటిల్ నింపి తెచ్చాను. మూత తీసి దోసిట్లో కొంచెం పోసుకుని కళ్ళు మూసుకుని నెత్తిన చిలకరించుకుంది. నీళ్ళు పాపిట్లోంచి కళ్ళజోడు దారం మీదుగా జారాయి.

కళ్ళు తెరిచి నా మొహం చూసింది.

"నవ్వావంటే చూడు."