బ్లూగ్రాస్ గిటార్ సాధన: కుడిచేతి మీటు కుదిరేదాకా

బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతాన్ని గిటార్ మీద పిక్‌తో (వేళ్ల మధ్య పట్టుకుని తీగ మీటే చిన్న బిళ్లతో) వాయించడంలో ఎడమచేతికి మొదట్లో పెద్ద పనేం ఉండదు. మొదటి నాలుగు ఫ్రెట్లు (మెడ మీది అడ్డ మెట్లు), ఖాళీ తీగలు, జి, సి, డి కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) తెలిస్తే చాలా పాటలు అక్కడే తిరుగుతాయి. ఏ స్వరం ఎక్కడుందో నాకు రెండు వారాల్లో తెలిసిపోయింది. ఆ స్వరాన్ని పిక్ ఏ వైపు నుంచి మీటాలో చేతికి ఎక్కడానికి ఏడాదిన్నర పట్టింది. అందుకే ఇక్కడ రాస్తున్నది దాదాపు అంతా కుడిచేతి గురించే.

నియమం చిన్నదే. తాళంలో ఒక్కో లెక్కని అంకె అంటున్నాను. అంకె మొదట్లో పడే స్వరానికి కిందిమీటు, అంకె సగంలో పడే స్వరానికి పైమీటు. ఒక-టి, రెం-డు, మూ-డు, నా-లుగు అని పలుకుతూ వాయిస్తే మొదటి ముక్కకి పిక్ నేలవైపు, రెండో ముక్కకి పైకి. ఒక స్వరం అంకె అంతా నిలిచిందనుకోండి, రెండో ముక్కకి చేయి ఆగకూడదు. తీగకి తగలకుండా గాల్లోనే పైకి వెళ్లాలి. నేను ఎక్కువకాలం చేసిన తప్పు ఇదే. పొడవాటి స్వరం దగ్గర చేయి ఆగిపోయేది, మళ్లీ మొదలెట్టేటప్పుడు ఏ వైపు దొరికితే ఆ వైపు మీటేది. చౌకకాలంలో ఈ తేడా చెవికి తెలియదు. వేగం పెరిగాక సరిగ్గా ఆ చోటే తడబాటు వస్తుంది, తప్పు ఎడమచేతిదేమో అనుకుని దాన్ని దిద్దుకుంటూ కూర్చుంటాం.

వాయిద్యం సంగతి క్లుప్తంగా. డ్రెడ్‌నాట్, అంటే పెద్ద పెట్టె ఉండే గిటార్ కావాలి. మార్టిన్ డి-18, డి-28 ఈ సంగీతంలో పేరుమోసినవే గానీ, పైపలక పొరలు అతికించింది కాకుండా అసలు స్ప్రూస్ చెక్కదైతే ఏ కంపెనీదైనా నేర్చుకోవడానికి సరిపోతుంది. తీగలు మొదట 0.012 సెట్టు (సన్న తీగ మందం అంగుళాల్లో), వేళ్లు గట్టిపడ్డాక 0.013 నుంచి 0.056 దాకా ఉండే మీడియం సెట్టు. పిక్ 0.7 మిల్లీమీటర్లదైతే తీగ మీద వంగి, శబ్దం ఒక క్షణం వెనక వస్తుంది. 1.2 నుంచి 1.4 మధ్యది తీసుకున్నాక ఆ బాధ పోయింది. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ (అన్నింటికన్నా లావుది) ఎత్తు 2.4 మిల్లీమీటర్లు పెట్టించాను. అంతకన్నా దించితే గట్టిగా మీటినప్పుడు తీగ ఫ్రెట్లకి తగిలి గరగరలాడుతుంది. కోస్తాలో వానాకాలం చెక్క ఉబ్బి ఈ ఎత్తు పెరుగుతుంది, అమెరికాలో చలికాలం హీటర్ గదిలో చెక్క ఎండి పగులుతుంది. రెండు చోట్లా పెట్టెలో తేమ 45–55 శాతం మధ్య ఉంటే గిటార్ క్షేమం.

అసలు చిక్కు తీగ మారేటప్పుడు వస్తుంది. జి మేజర్ స్కేలు, మన లెక్కలో శంకరాభరణం, కింది జి నుంచి రెండు స్థాయిలు 15 స్వరాలు (తీగ పక్కన రాసిన సంఖ్య ఫ్రెట్‌ది, 0 అంటే ఖాళీ తీగ): ఆరో తీగ 3, ఐదో తీగ 0-2-3, నాలుగో తీగ 0-2-4, మూడో తీగ 0-2, రెండో తీగ 0-1-3, ఒకటో తీగ 0-2-3. కిందిమీటుతో మొదలెట్టి వరుసగా కింద, పైన వాయిస్తే మొత్తం ఐదుసార్లు తీగ మారతాం. ఆరు నుంచి ఐదుకి, నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి మారేటప్పుడు కిందిమీటు తర్వాత పైమీటు పడుతుంది. అంటే పిక్ రెండు తీగల మధ్య దిగి, మీటబోయే తీగని దాటి, అవతలి నుంచి వెనక్కి మీటాలి. ఐదు నుంచి నాలుగుకి, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు వరుస తిరగబడుతుంది. పైమీటుతో వదిలిన తీగనే మళ్లీ దాటి, రెంటి మధ్యకి వచ్చి కిందికి మీటాలి. ఈ రెండో రకం నాకు కష్టంగా ఉండేది. కొందరికి మొదటి రకం కష్టం. మీకు ఏది కష్టమో తెలియాలంటే స్కేలు మొత్తం వాయించకండి. ఐదో తీగ 3, నాలుగో తీగ 0, ఈ రెండు స్వరాలే పైమీటు, కిందిమీటుగా రెండు నిమిషాలు తిప్పండి. తర్వాత ఆరో తీగ 3, ఐదో తీగ 0 కిందిమీటు, పైమీటుగా. ఏది ముందు అలిసిపోయిందో చేయే చెబుతుంది.

మెట్రోనోమ్ (తాళం క్లిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 60 దగ్గర మొదలెట్టాను, క్లిక్కుకి రెండు స్వరాలు. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే 4 పెంచడం, రెండుసార్లు తప్పితే 8 తగ్గించడం. సరళి వరసలు మూడు కాలాల్లో పాడినవాళ్లకి వేగం రెండింతలు చేయడం అలవాటే. ఇక్కడ దాన్ని పరీక్షకి మాత్రమే వాడాను. ఒక్కసారిగా రెట్టిస్తే ముంజేయి బిగుసుకుంటుంది, ఆ బిగువే అలవాటవుతుంది.

150 దగ్గర నెలన్నర కదల్లేదు. ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూస్తే కారణం కనపడింది. పిక్ తీగ కిందికి అర సెంటీమీటరు దాకా దిగుతోంది, అంత లోతు నుంచి బయటికొచ్చి ఇంకో తీగ దాటేసరికి ఆలస్యం. పిక్ కొన ఒకటి, రెండు మిల్లీమీటర్లకి మించి దిగక్కర్లేదు. అరిచేతి మడమ బ్రిడ్జి మీద అదిమిపెట్టడం, చిటికెనవేలు పిక్‌గార్డుకి గట్టిగా తన్నిపెట్టడం కూడా మానుకోవాల్సి వచ్చింది. వేలు రాసుకుంటూ పోతే ఫరవాలేదు, పాతుకుపోతే మణికట్టు తిరగదు. ఈ రెండూ సరిచేయడానికి మళ్లీ 80కి దిగాను. చిరాకే, కానీ ఈసారి 150కి రావడానికి మూడు వారాలే పట్టింది. అక్కణ్ణుంచి ఐదు స్వరాల ముక్కలు తీసుకున్నాను. నాలుగు స్వరాలు 180 వేగంలో, ఐదోది అంకె మీద పడి ఆగడం. ఆగినప్పుడు భుజం వదులుగా ఉందో లేదో చూసుకుని మళ్లీ ఇంకో ముక్క.

బ్లూగ్రాస్‌లో ప్రతివాడూ నేర్చుకునే జి రన్ అనే చిన్న స్వరాల ముక్క కూడా ఈ నియమానికే లోబడుతుంది. దాని మామూలు రూపం: ఆరో తీగ 3, ఐదో తీగ 0, 1, హామర్-ఆన్‌తో 2, నాలుగో తీగ 0, 2, చివర మూడో తీగ 0. మన స్వరాల్లో స, రి, సాధారణ గాంధారం, వెంటనే అంతర గాంధారం, ప, ద, పై స. ఏడు స్వరాలు, చివరిది నాలుగో అంకె మీద. హామర్-ఆన్ అంటే మీటకుండా ఎడమచేతి వేలితో తీగని కొట్టి మోగించడం కాబట్టి కుడిచేయి అక్కడ పైకి ఖాళీగా వెళ్లాలి. వెళ్లకపోతే తర్వాతి ఖాళీ నాలుగో తీగకి పైమీటు పడి, రన్ అంతా తలకిందులవుతుంది. తమాషా ఏమిటంటే, ఈ రన్ ఎవరి పేరుతో చలామణీ అవుతుందో ఆ బ్లూగ్రాస్ గిటారిస్టు లెస్టర్ ఫ్లాట్ దాన్ని ఇలా వేళ్ల మధ్య పట్టుకునే పిక్‌తో కాదు, బొటనవేలికి, చూపుడువేలికి తొడిగే పిక్కులతో వాయించేవాడు.

తాళం (ఇతరులకి కార్డులతో తోడు) వాయించడాన్ని నేను ఆలస్యంగా పట్టించుకున్నాను, అది పొరపాటు. 1, 3 అంకెల మీద మంద్ర తీగ, 2, 4 మీద కార్డు. జి కార్డుకి మంద్రం ఆరో తీగ 3, తర్వాత నాలుగో తీగ 0. సి కార్డుకి ఐదో తీగ 3, నాలుగో తీగ 2. డి కార్డుకి నాలుగో తీగ 0, ఐదో తీగ 0. మంద్ర స్వరం మీటాక పిక్ కింది తీగ మీద ఆనితే శబ్దం నిండుగా వస్తుంది. మెట్రోనోమ్‌ని సగానికి తగ్గించి ఆ క్లిక్కుని 2, 4 అనుకుని వాయించండి. మీరు పరిగెడుతున్నారో లేదో పది సెకన్లలో బయటపడుతుంది.

పాటల విషయానికొస్తే, ఇవి ఫిడేలు పాటలు. గిటారిస్టు డాక్ వాట్సన్ 1950ల్లో ఫిడేలు లేని డాన్సు బ్యాండులో ఎలక్ట్రిక్ గిటార్ మీద వీటిని వాయించి, తర్వాత మామూలు గిటార్ మీదికి తెచ్చాడు. కమాను ఆగకుండా నడిచే వాయిద్యానికి పుట్టిన స్వరాలు కాబట్టే పిక్‌కి ఊపిరాడనివ్వవు. ఎక్కువ పాటల్లో ఎనిమిది బార్ల (బారు అంటే నాలుగు అంకెలు) భాగాలు రెండు, ఒక్కొక్కటి రెండేసిసార్లు, మొత్తం 32 బార్లు. నేను ‘ఓల్డ్ జో క్లార్క్’తో మొదలెట్టాను. రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి జి ఆకారాలతో వాయిస్తే ఎ శ్రుతిలో పడుతుంది. అందులో వినపడేది కైశికి నిషాదం, అంటే హరికాంభోజి మేళం. ఆ చెవి ఉన్నవాళ్లకి పాట తొందరగా పట్టుబడుతుంది, కానీ గమకం వేయబోతే మీటు తప్పుతుంది. కాపో పెట్టాక శ్రుతి మళ్లీ చూసుకోండి, మూడో తీగ తరచూ ఎక్కువకి పోతుంది.

క్రాస్‌పికింగ్, అంటే పక్కపక్క తీగల్ని ఒక్కొక్కటిగా వరుసగా మీటడం, మాత్రం ఈ నియమాన్ని కావాలనే తెంచుతుంది. నాలుగు, మూడు, రెండు తీగల మీద గిటారిస్టు జార్జ్ షఫ్లర్ పద్ధతిలో కింద-కింద-పైన, ఎనిమిది స్వరాలు 3+3+2గా. మీటు దానంతటదే పడుతోంది అనిపించేదాకా దీని జోలికి పోకండి. నేను ఆరో నెలలో మొదలెట్టి, మామూలు మీటు కూడా చెడగొట్టుకుని, పదో నెలదాకా పక్కన పెట్టాను.

నలుగురు కూర్చుని వాయించే జామ్‌లో వేగం ఈ లెక్కన 200 దాటుతుంది. ఐదుగురు ఉంటే మీ వంతు పోను మిగిలిన నాలుగు వంతులూ తాళమే. మీ వంతులో స్వరం తప్పితే వెనక్కి వెళ్లి దిద్దుకోవద్దు. ఎడమచేతిని వదిలేసి, కుడిచేతిని అలాగే కిందికీ పైకీ ఊగనిచ్చి, తర్వాతి కార్డు మారే చోట మొదటి అంకె మీద కిందిమీటుతో కలవండి. దీన్ని కూడా ఇంట్లో సాధన చేశాను. పాట మధ్యలో ఒక బారు కావాలని వదిలేసి, చేయి ఆపకుండా, తర్వాతి బారులో ఎక్కడం. మొదటి వారం పదిసార్లలో ఏడుసార్లు పైమీటుతో ఎక్కేవాణ్ణి.