డాక్సీ కోర్సు అయిపోయింది, నొప్పి మిగిలింది

పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడి నెలలు దాటినా ఒళ్ళు సలుపుతూనే ఉంటే, ఎవరికైనా ముందు తోచేది ‘క్రిమి ఇంకా లోపలే ఉంది’ అని. ఇంకో కోర్సు రాయమని డాక్టరు వెంట పడేవాళ్ళు కొందరు, సీసాల్లో దొరికే మూలికల టింక్చర్లకు మళ్ళేవాళ్ళు కొందరు. రెండిట్లోనూ పనికొచ్చేది కొంత ఉంది, ప్రమాదమూ ఉంది. ఏది మొదలుపెట్టాలన్నా ముందు తేల్చుకోవాల్సింది మిగిలిన నొప్పి ఏ రకందని. మోకాలి వాపు, నరాల మంట, ఒంటి తీపులు, ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

ముందు మోకాలు. 1975లో అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని ఓల్డ్ లైమ్, దాని చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలకు వరసగా కీళ్ళు వాచడంతోనే ఈ జబ్బు సంగతి బయటపడింది, పేరూ అలాగే వచ్చింది. లైమ్ కీలువాపుకు ఒక గుర్తుంది. ఎక్కువగా ఒక్క మోకాలే బాగా నీరు పట్టి ఉబ్బుతుంది, కానీ ఆ వాపుకు తగినంత నొప్పి ఉండదు. నీరుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. మంచం మీద కాలు చాపి తొడ కండరాన్ని వదులుగా ఉంచాలి. మోకాలిచిప్పకు లోపలి పక్క, అంటే రెండో కాలి వైపు, అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు గట్టిగా నిమిరితే అక్కడి గుంట ఖాళీ అవుతుంది. వెంటనే బయటి పక్క పై నుంచి కిందికి ఒకసారి నిమరండి. ఖాళీ అయిన గుంట అలలా మళ్ళీ పైకి లేస్తే లోపల నీరున్నట్టే. నీరు మరీ ఎక్కువైతే గుంట అసలు ఖాళీయే కాదు. అప్పుడు ఈ పరీక్షతో పని లేదు, చూస్తేనే తెలిసిపోతుంది.

నీరుంటే యాంటీబయాటిక్‌కు ఇంకా పని మిగిలి ఉండొచ్చు. కీలువాపుకు వాడాల్సింది డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 28 రోజులు. జబ్బు మొదట్లో చర్మం మీద ఎర్రమచ్చ కనబడ్డప్పుడు ఇచ్చే 10 రోజుల కోర్సు దీనికి చాలదు. అందుకే పాత చీటీ తీసి మొదట ఎన్ని రోజులు వాడారో చూసుకోవాలి. 28 రోజులు వాడాక వాపు చాలావరకు తగ్గి కొద్దిగా మిగిలితే ఇంకో నెల మాత్రలు వాడి చూడొచ్చు. ఏమాత్రం తగ్గకపోతే సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు నరానికి ఎక్కిస్తారు, రెండు నుంచి నాలుగు వారాలు. అదీ అయ్యాక కూడా వాపు నిలిచి ఉంటే యాంటీబయాటిక్ అక్కడితో ఆపేయాలి. అప్పటికి కీలును వాచేట్టు చేస్తున్నది మన రోగనిరోధక శక్తే. రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం డాక్టరు, దగ్గరికి వెళ్తే ఆ శక్తిని అదుపు చేసే మెథోట్రెక్సేట్ లాంటి మందు ఆలోచిస్తారు. మూడో కోర్సు కోసం డాక్టర్లను మారుస్తూ పోతే ఆ కీలు ఈలోగా అరిగిపోతుంది.

అమెరికాలో లైమ్ ఎక్కువగా ఉండే న్యూజెర్సీకో పెన్సిల్వేనియాకో పిల్లల దగ్గరికి వేసవికి వెళ్ళే అమ్మానాన్నల విషయంలో ఇంకో తిరకాసుంది. 2006 ప్రాంతంలో మన దగ్గర చికున్‌గున్యా పడ్డవాళ్ళలో కీళ్ళ నొప్పులు ఏళ్ళ తరబడి ఈడ్చినవాళ్ళున్నారు. ఆ నొప్పి రెండు చేతుల వేళ్ళు, మణికట్లు, చీలమండల్లో సమానంగా ఉంటుంది, పొద్దున లేవగానే బిగుసుకుంటాయి. ఒక్క మోకాలికే చెరువులా నీరు పట్టడం దాని తీరు కాదు. అక్కడి డాక్టరుకు ఈ పాత జబ్బు అడగాలని తోచకపోవచ్చు. మనమే చెప్పాలి.

అరికాళ్ళ మంట, తిమ్మిరి, పక్కటెముకల వెంట షాక్ కొట్టినట్టు పోటు ఉంటే అది నరాల నొప్పి. సరైన కోర్సు పడ్డాక కూడా దెబ్బతిన్న నరం కోలుకోడానికి నెలలు పడుతుంది. ఈలోగా గాబాపెంటిన్, డులోక్సెటిన్, నార్‌ట్రిప్టిలిన్ లాంటివి మంటను తగ్గిస్తాయి. అయితే నిందంతా లైమ్ మీద వేసే ముందు షుగరు, బీ12 పరీక్షలు చేయించండి. శాకాహారం తింటూ మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బీ12 తగ్గడం మామూలే. దాని తిమ్మిరీ ఇలాగే ఉంటుంది.

మూడో రకమే అసలు చిక్కు. వాపు ఉండదు, పరీక్షల్లో ఏమీ తేలదు, ఒళ్ళంతా తీపులు, నీరసం, నిద్ర పట్టకపోవడం. చికిత్స అయ్యాక ఆరు నెలలు దాటినా ఇవి ఉంటే దానికి వేరే పేరే ఉంది, చికిత్సానంతర లైమ్ సిండ్రోమ్ అని. నొప్పి నిజమే, మనసు కల్పన కాదు. కానీ యాంటీబయాటిక్ దీని మీద ఓడిపోయింది. 2001లో అమెరికాలో వెలువడ్డ ప్రయోగంలో 30 రోజులు సెఫ్ట్రియాక్సోన్, ఆపైన 60 రోజులు డాక్సీసైక్లిన్ ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకూ వీళ్ళకూ తేడా కనబడలేదు. 2016లో నెదర్లాండ్స్‌లో రెండు వారాలు సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చి, పైన 12 వారాల మాత్రలతో చూశారు. అదే ఫలితం. 2003 నాటి ఒక ప్రయోగంలో నీరసం కొంత తగ్గింది కానీ, వారాల తరబడి నరంలో పెట్టి ఉంచే గొట్టానికి ఇన్ఫెక్షన్ సోకితే ప్రాణం మీదికొస్తుంది, పిత్తాశయంలో మడ్డి చేరొచ్చు, పేగుల్లో సి. డిఫ్ అనే బాక్టీరియా పెరిగి విరేచనాలు పట్టుకోవచ్చు. కనెటికట్ చట్టం ప్రకారం ఇన్సూరెన్సు 30 రోజుల నరం మందుకూ 60 రోజుల మాత్రలకూ డబ్బు కట్టాలి. డబ్బు వస్తుందంటే మందు పనిచేస్తుందని అర్థం కాదు.

రక్తపరీక్ష మళ్ళీ చేయించి ‘ఇంకా పాజిటివే’ అని దిగులుపడటమూ వృథా. యాంటీబాడీలు జబ్బు తగ్గాక కూడా ఏళ్ళ తరబడి ఉంటాయి. చేయించదగ్గది బబీసియా పరీక్ష, అది ఎర్రరక్తకణాల్లో చేరే పరాన్నజీవి. అదే పిడుదు దాన్నీ ఎక్కించగలదు, డాక్సీసైక్లిన్ దాన్ని ఏమీ చేయలేదు. చలి జ్వరం, ఒళ్ళు తడిసేలా చెమటలు, రక్తం తగ్గడం ఉంటే అడగండి. దానికి అటొవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇస్తారు.

కోర్సు నడుస్తున్నప్పుడు మన ఇళ్ళలో జరిగే పొరపాటు పెరుగన్నంతో మాత్ర వేసుకోవడం. పాలు, పెరుగులోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ను కొంత పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వదు. ఐరన్ మాత్రలు, గ్యాస్‌కు వాడే యాంటాసిడ్లు మరీ ఎక్కువగా పట్టేస్తాయి. పొద్దున ఎనిమిదికి ఇడ్లీ తిని మాత్ర, మధ్యాహ్నం భోజనంలో పెరుగు, ఐరన్ ఉంటే ఆ తర్వాత, రాత్రి ఎనిమిదికి పెరుగు లేని ఫలహారంతో రెండో మాత్ర. ఇలా పెట్టుకుంటే ఏదీ మానక్కర్లేదు. వికారం పెడుతుందని ఒక్క గుక్క నీళ్ళతో మింగి పడుకుంటే మాత్ర అన్నవాహికకు అతుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్ళు తాగాలి, అరగంట నడుం వాల్చకూడదు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మొదటి రోజు జ్వరం, నొప్పులు పెరిగితే భయపడక్కర్లేదు, చచ్చే క్రిముల వల్ల ఒక రోజు అలా ఉంటుంది. మూడు వారాల తర్వాత నొప్పి పెరిగితే మాత్రం ‘క్రిమి చస్తోంది’ అని సర్దిచెప్పుకోకూడదు.

ఇక మూలికలు. 2020లో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనం తర్వాత వీటి మీద ఆశ పెరిగింది. క్రిప్టోలెపిస్, జపనీస్ నాట్‌వీడ్, బ్లాక్ వాల్‌నట్, ఆర్టెమీసియా, క్యాట్స్ క్లా, చైనీస్ స్కల్‌క్యాప్ గాజు పాత్రలో క్రిమిని దెబ్బతీశాయి. ఒక శాతం క్రిప్టోలెపిస్ సారం క్రిమిని మళ్ళీ మొలవకుండా తుడిచిపెట్టింది, డాక్సీసైక్లిన్ ఆ పని చేయలేకపోయింది. మన నేలవేము కూడా లైమ్ మూలికల జాబితాల్లో చాలాకాలంగా ఉంది. అదే అధ్యయనంలో అది దాదాపు ఏమీ చేయలేదు.

ఒక శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది. ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉందనుకుంటే అందులో ఒక శాతం 50 మి.లీ. డ్రాపర్‌తో వేసుకునేది రెండు మి.లీ., అందులోనూ పేగునూ కాలేయాన్నీ దాటి రక్తంలో చేరేది ఏ కొంచెమో. పాత్రలో గెలిచింది ఒంట్లోనూ గెలుస్తుందని అందుకే అనలేం.

అయినా వాడి చూస్తామంటే లెక్కగా వాడండి. ఒకేసారి ఐదు సీసాలు తెరిస్తే ఒంటికి ఏది పడిందో, ఏది పడలేదో తేలదు. ఒక్కటి, సీసా మీద రాసినదాంట్లో పావు వంతుతో మొదలుపెట్టి రెండు వారాలు చూడాలి. ముందు కాలేయ పరీక్ష, నెలకు మళ్ళీ ఒకటి. స్కల్‌క్యాప్, ఆర్టెమీసియా, అశ్వగంధ, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్ళు, వీటన్నిటితోనూ కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. కూరలో వేసే పసుపు వేరు, ఆ క్యాప్సూల్ వేరు. రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళు పసుపు, వెల్లుల్లి, క్యాట్స్ క్లా క్యాప్సూళ్ళ జోలికి పోవద్దు. టింక్చర్ అంటే సారాయిలో నానబెట్టిందే. టినిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతూ దాన్ని వేసుకుంటే వాంతులు, గుండెదడ రావొచ్చు. లవంగ నూనె, దాల్చినచెక్క నూనె కూడా పాత్రలో బాగానే పనిచేశాయి, కానీ మింగడానికి కాదు. గర్భిణులు ఇవేవీ ముట్టకూడదు. డాక్టరు కసురుకుంటారేమోనని దాచొద్దు, సీసాలన్నీ సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి.

ఒంటి తీపులకు కొంతైనా పనిచేసేవి చప్పగా ఉంటాయి. అలసట రాకముందే ఆగే నడక: మొదటి వారం రోజూ ఐదు నిమిషాలు, మర్నాడు నొప్పి పెరగకపోతే వారానికి ఒకటి రెండు నిమిషాలు కలపడం. బాగున్న రోజున ఇల్లంతా సర్దేసి మూడు రోజులు మంచం పట్టడం వల్లే చాలామంది వెనక్కి పోతారు. గురక ఉంటే నిద్ర పరీక్ష. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్, తప్పదనుకుంటే నాప్రోక్సెన్, అదీ కిడ్నీ, బీపీ చూసుకుని, తిన్నాక.

ఒకసారి లైమ్ వచ్చిందంటే మళ్ళీ రాదనేం లేదు. కొత్తగా ఎర్రమచ్చ లేస్తే అది పాతది తిరగబెట్టడం కాదు, కొత్త కాటు. మే నుంచి జులై దాకా తిరిగే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. పెరట్లో పని చేశాక మోకాలి మడత, గజ్జలు, జుట్టు కింద వెతకాలి. దొరికితే కిరోసిన్ పోయొద్దు, కాల్చొద్దు. సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. అది 36 గంటలు దాటి పట్టుకుని ఉందనిపిస్తే, తీసిన 72 గంటల్లోపు 200 మి.గ్రా. డాక్సీసైక్లిన్ ఒక్క డోసు చాలు. ఆ పిడుదును పారేయకుండా టేపుకు అంటించి తేదీ రాసిపెట్టుకోండి, డాక్టరు అడుగుతారు.